గడ్డి మీద గడ్డకట్టిన వరద

ఆక్స్‌ఫర్డ్ వెళ్ళినవాళ్ళంతా తలెత్తి గోపురాలు చూస్తారు. డిసెంబర్, జనవరిల్లో వెళ్తే మాత్రం చూపు నేల మీద పెట్టాలంటాను నేను. ఊరికి వాయవ్యాన, థేమ్స్ ఒడ్డున పోర్ట్ మెడో అనే పచ్చిక బయలుంది. నాగలి ఎరగని నేల. 1086 నాటి డూమ్స్‌డే బుక్‌లోనే ఊరి ఉమ్మడి మేతబీడుగా లెక్కకెక్కింది. గుర్రాలూ పశువులూ నేటికీ అక్కడ మేస్తాయి.

చలికాలపు వానలకు నది పొంగి ఈ బయలు మీదికొస్తుంది. చాలాచోట్ల మోకాలి లోతైనా ఉండదు. ఆకాశం నిర్మలంగా, గాలి ఊపిరి బిగబట్టినట్టున్న రాత్రి పడిందా, తెల్లారేసరికి ఆ నీటి మీద మంచుపలక! పక్కన నది మాత్రం మామూలుగానే పారుతుంటుంది. ఎందుకంటే, నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా చిక్కన. పైన చల్లబడ్డ నీరు అడుక్కి దిగుతుంటే, వెచ్చనిది పైకొస్తుంది. అడుగుదాకా 4 డిగ్రీలకు చేరాకగానీ పైపొర గడ్డకట్టదు. లోతైన మడుగుకు అందుకు రోజులు కావాలి. జానెడు నీటికి ఒక రాత్రి చాలు. ఇక పారే నీరు సరేసరి, కలగలుస్తూనే ఉంటుంది. అంతటి థేమ్స్ కూడా 1963 జనవరిలో లొంగిపోయింది: ఆక్స్‌ఫర్డ్ దగ్గర దాని మీద కారు నడిపారు!

ఒకసారి ఒడ్డున గొంతుకూర్చుని చూడండి. పలక కింద గడ్డి పచ్చగానే ఉంటుంది, పైకి రాబోతూ చిక్కుకుపోయిన గాలిబుడగలు తెల్లగా ఆగిపోయి కనిపిస్తాయి. ఒడ్డు మీది పరకల అంచులకు మంచు ముళ్ళు. అవి కురిసినవి కావు. గాలిలోని ఆవిరి నీరు కాకుండానే అక్కడికక్కడ స్ఫటికమైనవి. మీ ఊపిరి తగిలితే చుక్కలైపోతాయి.

తలెత్తితే విజన్ బాతులు. మగదానికి ఇటుకరంగు తల, నుదుట మీగడ రంగు పట్టె. బాతంటే క్వాక్ క్వాక్ అనాలి కదా, ఇది ఈల వేస్తుంది. ఉత్తరాన గుడ్లు పెట్టి, చలికి తాళలేక దిగివచ్చే ఈ జాతే మన కొల్లేరు, పులికాట్‌లకూ వస్తుంది. నీరు బిగిస్తే ఇక్కడివి ఒడ్డెక్కి గడ్డి కొరుక్కుంటాయి.

ఊళ్ళోని ర్యాడ్‌క్లిఫ్ అబ్జర్వేటరీ ఆవరణలో 1813 నవంబర్ నుంచి ఒక్కరోజూ తప్పకుండా ఉష్ణోగ్రత రాస్తున్నారు. బోడ్లియన్ గ్రంథాలయం చూడ్డానికి బారులు తీరేవాళ్ళలో ఈ చిట్టా సంగతి ఎందరికి తెలుసో! చలికాలాలు మెత్తబడుతున్నాయని అది చెబుతోంది. అందుకే పచ్చిక గట్టిగా బిగిసే ఉదయం దొరికితే వదులుకోకండి.

డిసెంబర్‌లో సాయంత్రం నాలుగుకే పొద్దు వాలిపోతుంది. కాలేజీలు మధ్యాహ్నానికి పెట్టుకుని, వాల్టన్ వెల్ రోడ్ మీదుగా పొద్దున్నే బయల్దేరండి. రబ్బరు బూట్లు తప్పనిసరి. పలక ఎంత గట్టిగా కనిపించినా నది వైపు మాత్రం అడుగెయ్యకండి.