కార్లు చేసే దేశం, కంపెనీలు పుట్టించే దీవి

మన దేశానికి ఎక్కడి నుంచి ఎంత విదేశీ పెట్టుబడి వచ్చిందో కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ ఎప్పటికప్పుడు ఒక పట్టిక విడుదల చేస్తుంటుంది. 2000 ఏప్రిల్ నుంచి లెక్క కట్టే ఆ పట్టికలో మారిషస్, సింగపూర్, అమెరికా పేర్లు పైన ఉంటాయి. ఇంకాస్త కిందికి వస్తే, మొదటి పది పేర్లలోనే, కేమన్ ఐలాండ్స్ తగులుతుంది. దక్షిణ కొరియా కోసం మాత్రం ఇంకా కిందికి దిగాలి. శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్‌, నోయిడాలో శామ్‌సంగ్‌, పెనుకొండలో కియా ఫ్యాక్టరీలు పెట్టిన దేశం కింద! ఇక్కడ ఒక్క బోల్టు కూడా బిగించని దీవి పైన! మొదటిసారి చూసినవారికి అచ్చుతప్పేమో అనిపిస్తుంది.

తప్పేమీ లేదు. డబ్బు చివరగా ఏ ఊరి మీదుగా వచ్చిందన్నదే ఆ పట్టిక చెబుతుంది. ఎవరి డబ్బు, ఎక్కడ పుట్టింది అన్న సంగతి దానికి పట్టదు.

క్యూబాకు దక్షిణాన, కరీబియన్ సముద్రంలో మూడు చిన్న దీవులు కేమన్. అన్నీ కలిపినా 264 చదరపు కిలోమీటర్లే, గ్రేటర్ హైదరాబాద్‌లో సగం కూడా రాదు. జనం 80 వేల పైచిలుకు. 1503లో కొలంబస్ అటుగా వెళ్లినప్పుడు సముద్రం నిండా తాబేళ్లే కనిపించడంతో తాబేళ్ల దీవులని పేరు పెట్టాడు. నదుల్లేవు, చెప్పుకోదగ్గ సాగు లేదు. మగవాళ్లు ఓడల్లో పనికి పోతే, ఆడవాళ్లు తాటిజాతి చెట్ల ఆకులతో తాళ్లు పేనేవారు. దోమల బెడద ఎంతటిదంటే, ముక్కుల్లోకి దూరిన దోమలతో ఊపిరాడక పశువులు చచ్చిపోయేవని అక్కడి పెద్దలు చెప్పుకునేవారు. వాటి సంగతి చూడ్డానికి 1965లో ప్రత్యేకంగా ఒక పరిశోధన విభాగమే పెట్టారు.

అలాంటి చోట అమ్ముకోవడానికి ఏముంటుంది? చట్టం ఉంది. 1962లో జమైకా స్వతంత్రమైనప్పుడు కేమన్ దానితో వెళ్లకుండా బ్రిటన్ కిందే ఉండిపోయింది. ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయం, లండన్‌లో ఆఖరి అప్పీలు, పక్కనే అమెరికా. 1966లో బ్యాంకులు, ట్రస్టు కంపెనీల చట్టం తెచ్చుకుని దుకాణం తెరిచింది. ఆదాయపు పన్ను లేదు, కార్పొరేట్ పన్ను లేదు, ఆస్తి అమ్మితే వచ్చే లాభం మీదా పన్ను లేదు. మరి సర్కారు ఎలా నడుస్తుందంటే, దిగుమతయ్యే చాలా సరుకుల మీద 22 శాతం సుంకం, బయటి నుంచి వచ్చిన ఉద్యోగుల వర్క్ పర్మిట్ల రుసుము, కంపెనీలు ఏటా కట్టే ఫీజులతో. పన్ను లేని దేశంలో పాలప్యాకెట్టు ఖరీదు చూసి కొత్తవాళ్లు గుడ్లు తేలేయడం మామూలే.

రాజధాని జార్జ్‌టౌన్‌లో అగ్లాండ్ హౌస్ అని అయిదంతస్తుల భవనం ఉంది. చూడ్డానికి మన జిల్లా కేంద్రాల్లోని ఏ ఆఫీసు భవనంలాగో ఉంటుంది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2008లో లెక్కతీస్తే, ఆ ఒక్క చిరునామాతో నమోదైన సంస్థలు 18,857 అని తేలింది. అయితే ఇది ప్రపంచంలోకెల్లా పెద్ద భవనమైనా అయ్యుండాలి, లేకపోతే పెద్ద పన్ను మోసమైనా అయ్యుండాలని ఒబామా ఎద్దేవా చేశారు. నిజానికి ఆ భవనంలో నడిచేది ఒక లా కంపెనీ. ఆ వేల సంస్థలకు అది రిజిస్టర్డ్ ఆఫీసు మాత్రమే. సంస్థ అంటే ఒక ఫైలు: ఏర్పాటు పత్రాలు, డైరెక్టర్ల పేర్లు, ఏటా కట్టే ఫీజు రసీదు. పెట్టుబడి ఫండ్ అయితే దాని లెక్కల మీద స్థానిక ఆడిటర్ సంతకం తప్పనిసరి. అంటే ఎక్కడో న్యూయార్క్‌లో తిరిగే డబ్బు మీద జార్జ్‌టౌన్‌లో ఓ ఆడిటర్‌కు, ఓ లాయరుకు, వాళ్ల ఆఫీసు ఊడ్చే జమైకా మనిషికి జీతం పుడుతుంది.

ఇదంతా దొంగసొమ్మేనా? సినిమాల్లో చూపించినంత తేలిక కాదు. అమెరికా ఉద్యోగుల పింఛను నిధి, జపాన్ బీమా సంస్థ, గల్ఫ్ ప్రభుత్వ నిధి ముగ్గురూ కలిసి ఒక ఫండ్‌లో డబ్బు పెట్టాలనుకున్నారనుకుందాం. ఆ ఫండ్ వాళ్లలో ఒకరి దేశంలో ఉంటే, మిగతా ఇద్దరూ తమ దేశంలో కట్టేది కాక అక్కడా పన్ను కట్టాల్సి రావచ్చు. కేమన్ ఆ దారి మధ్యలో టోల్‌గేటు లేని రోడ్డు లాంటిది. ఎవరి పన్ను వాళ్లు ఇంటికెళ్లి కట్టుకోవాలన్నది సిద్ధాంతం. ఇంటికెళ్లి కట్టారో లేదో చూసే బాధ్యత చాలాకాలం పాటు ఎవరూ నెత్తిన వేసుకోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. 1991లో మూతపడ్డ బీసీసీఐ బ్యాంకు వ్యవహారంలోనూ, 2001లో కూలిన అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ లెక్కల్లోనూ కేమన్ కంపెనీలు గుంపులుగా బయటపడ్డాయి.

ఇప్పుడు అక్కడ లక్షకు పైగా కంపెనీలు, దాదాపు 30 వేల ఫండ్లు ఉన్నాయి. తలా ఒకటి పంచినా కంపెనీలే మిగులుతాయి. 2024 చివరి నాటికి కేమన్ పేరు మీద ఉన్న అమెరికా ప్రభుత్వ బాండ్లు 40 వేల కోట్ల డాలర్లు దాటాయి. అయిదు కోట్ల పైచిలుకు జనం ఉన్న దక్షిణ కొరియా పేరు మీద ఉన్నవి అందులో మూడో వంతు కూడా లేవు.

కొరియా కథ ఇందుకు పూర్తిగా తిరగేసిన బాపతు. 1960ల మొదట్లో అక్కడ తలసరి ఆదాయం ఏడాదికి వంద డాలర్లు కూడా లేదు. 1965లో జపాన్‌తో ఒప్పందం కుదిరి వచ్చిన పరిహారంలో కొంత తీసి పొహాంగ్‌లో ఉక్కు కర్మాగారం కట్టారు. 1973లో అక్కడ ఉక్కు తయారీ మొదలైంది. ఉక్కు ఉంటే ఓడలు, ఓడలుంటే ఎగుమతులు. హ్యుందాయ్ స్థాపకుడు చుంగ్ జు-యుంగ్ అప్పటికి ఒక్క పెద్ద ఓడ కట్టిన పాపాన పోలేదు. అప్పు కోసం 1971లో లండన్ వెళ్లి, జేబులోంచి 500 వాన్ల నోటు తీసి చూపించానని ఆయన తర్వాత గొప్పగా చెప్పుకునేవాడు. నోటు మీద ఉన్నది 16వ శతాబ్దపు కొరియా యుద్ధనౌక, తాబేలు ఓడ. మావాళ్లు నాలుగు వందల ఏళ్ల కిందటే ఓడలు కట్టారు, ఇప్పుడు కట్టలేరా అని వాదించాడట. ఒక చోట తాబేళ్లు పట్టుకుని బతికారు, ఇంకో చోట తాబేలు బొమ్మ చూపి అప్పు తెచ్చారు! 1972లో ఉల్సాన్‌లో పని మొదలుపెట్టి, ఒకవైపు డాక్ తవ్వుతూనే రెండోవైపు ఓడలు కట్టి, 1974 నాటికి భారీ ట్యాంకర్లను నీళ్లలోకి దింపారు.

కియా మొదలైంది ఇంకా చిన్నగా. 1944లో సియోల్‌లో ఉక్కు గొట్టాలు, సైకిలు భాగాలు చేసే కార్ఖానా అది. సైకిలు నుంచి మోటారు సైకిలు, మూడు చక్రాల బండి, లారీ, కారు ఇలా మెట్టు మెట్టుగా ఎక్కి, 1997లో అప్పుల్లో మునిగి దివాలా తీసింది. మరుసటి ఏడాది హ్యుందాయ్ చేతికి వెళ్లింది. అదే సంస్థ 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌తో ఒప్పందం చేసుకుని, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏడాదికి 3 లక్షల కార్ల ఫ్యాక్టరీ కట్టింది. విజయనగర రాజులు తళ్లికోట యుద్ధం తర్వాత రాజధానిగా చేసుకున్న పెనుకొండ పక్కనే, ఎర్రమంచి దగ్గర. వేరుశెనగ తప్ప మరోటి నిలవని కరువు నేల అది. 2019 ఆగస్టులో సెల్టోస్ బజారులోకి వచ్చింది. నాలుగేళ్లు తిరిగేసరికి అక్కడ తయారైన కార్లు పది లక్షలు.

ఒక కారులో చిన్నా పెద్దా కలిపి వేల భాగాలుంటాయి. ఉక్కు రేకు చుట్ట ప్రెస్ షాపులో తలుపుగా, బానెట్‌గా అచ్చు పడి, బాడీ షాపులో అతుక్కుని, పెయింటు షాపు దాటి అసెంబ్లీ లైనుకు చేరేలోపు సీట్లు, వైర్లు, బంపర్లు వేళ తప్పకుండా వచ్చిపడాలి. అందుకే కియా ఒంటరిగా రాలేదు. మోబిస్, సంగ్‌వూ హైటెక్ లాంటి విడిభాగాల కంపెనీలను వెంటబెట్టుకొచ్చింది. వాటికి లారీలు కావాలి, క్యాంటీన్లు కావాలి, ఐటీఐ కుర్రాళ్లు కావాలి. హైవే పక్కన కొరియన్ భోజన హోటళ్లు వెలిశాయి. కొన్నాళ్లకు కంపెనీ వెళ్లిపోయినా, ప్రెస్‌లో డై (అచ్చు) సెట్ చేయడం నేర్చిన కుర్రాడి చేతిలో ఆ పని ఉంటుంది. కేమన్ మీదుగా వచ్చే డాలరుతో ఇదేదీ జరగదని కాదు. ఆ డాలరు కూడా చివరకు హైదరాబాద్ స్టార్టప్‌కో బెంగళూరు ఆసుపత్రికో చేరవచ్చు. కానీ జరిగితే దానికి కారణం డబ్బు పెట్టినవాడూ తీసుకున్నవాడూ. కేమన్ రోడ్డు మాత్రమే ఇచ్చింది.

కొరియా మెట్లు ఎక్కడం సుఖంగా ఏమీ సాగలేదు. సియోల్ పీస్ మార్కెట్ కుట్టు షాపుల్లో ఆడపిల్లల పని గంటలు, దగ్గు చూసి తట్టుకోలేక, కార్మిక చట్టం అమలు చేయమంటూ 1970లో చన్ తే-ఇల్ అనే 22 ఏళ్ల దర్జీ ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. 1997 సంక్షోభంలో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) దగ్గర చేయి చాచాల్సి వచ్చినప్పుడు జనం పెళ్లి ఉంగరాలు, పిల్లల మొదటి పుట్టినరోజు ఉంగరాలు తెచ్చి దేశం కోసం అమ్మారు. పోగైన బంగారం 200 టన్నులు దాటింది.

కారు గానీ ఓడ గానీ కళ్లకు కనిపిస్తుంది. కంపెనీ కనిపించదు. ఆ తేడా మన ఆదాయపు పన్ను శాఖకు బాగా తెలిసొచ్చింది 2007లో. కుక్కపిల్ల ప్రకటనతో తెలుగిళ్లలోకీ వచ్చిన హచ్ మొబైల్ వ్యాపారాన్ని వొడాఫోన్ సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొన్నది. టవర్లు ఇక్కడివి, చందాదారులు ఇక్కడివాళ్లు. చేతులు మారింది మాత్రం కేమన్‌లో నమోదైన సీజీపీ అనే కంపెనీ షేరు, ఒక్కటంటే ఒక్కటి. అమ్మినవారిదీ కొన్నవారిదీ విదేశమే. దాదాపు 11 వేల కోట్ల రూపాయల పన్ను కట్టమని శాఖ అడిగింది. అప్పటి చట్టం ప్రకారం అడగడం కుదరదని 2012 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. కేంద్రం వెనుకటి తేదీ నుంచి వర్తించేలా చట్టం మార్చింది. 2020లో అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో ఓడింది. 2021లో ఆ మార్పును వెనక్కి తీసుకుంది. ఒక్క షేరు కోసం పద్నాలుగేళ్లు!

ప్రపంచమంతటా విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి (ఎఫ్‌డీఐ) పేరుతో లెక్కకెక్కే డబ్బులో దాదాపు 40 శాతం ఇలా ఖాళీ కంపెనీల గుండా నడిచేదేనని, దాని విలువ 15 లక్షల కోట్ల డాలర్ల దాకా ఉంటుందని 2019లో ఐఎంఎఫ్ పత్రికలో పరిశోధకులు అంచనా వేశారు.

తలసరి ఆదాయం చూస్తే కేమన్‌దే పైచేయి. అక్కడ 90 వేల డాలర్ల పైమాట, కొరియాలో 35 వేల చుట్టుపక్కల. అంతమాత్రాన కొరియా తప్పు దారి పట్టిందనడానికి లేదు. 80 వేల మందికి, అందులోనూ సగానికి పైగా బయటి నుంచి వచ్చినవాళ్లకు, ఫీజుల మీద బతుకు గడుస్తుంది. అయిదు కోట్ల మందికి గడవదు. పైగా ఎవరో ఒకరు ఎక్కడో ఓడలు, చిప్పులు, కార్లు అమ్మి మిగుల్చుకుంటేనే ఈ ఫండ్లలోకి డబ్బు వస్తుంది. ఎక్కడో జరిగిన సమావేశం కూడా కేమన్‌ను కుదిపేయగలదు. 2020 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ బ్లాక్‌లిస్టులో పెట్టి అక్టోబరులో తీసేసింది. 2021లో మనీలాండరింగ్‌పై నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ గ్రే లిస్టులో పెడితే, బయటపడటానికి 2023 అక్టోబరు దాకా పట్టింది.

ఈమధ్య కథ మరో మలుపు తిరిగింది. పెద్ద కంపెనీలు ఎక్కడున్నా కనీసం 15 శాతం పన్ను కట్టాలని 2021లో 130కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. దాన్ని అందరికంటే ముందు, 2022 డిసెంబరులోనే, చట్టం చేసింది కొరియా. కేమన్‌లాగే పన్నులేని బెర్ముడా కూడా 2025 నుంచి 15 శాతం వేస్తోంది. కేమన్ మాత్రం ఇంకా వేయలేదు. ఆ నిబంధనల్లో పింఛను నిధులకు, పెట్టుబడి ఫండ్లకు మినహాయింపులున్నాయి. కేమన్ వ్యాపారంలో సింహభాగం ఆ ఫండ్లదే.