కంటికి చిక్కనిది ధ్వనికి చిక్కింది!

పిల్లలూ! పెద్ద కాలువకు అడ్డం పడితే నీరు ఊరుకుంటుందా? మట్టం పెరిగి పిల్లకాలువల్లోకి తోసుకుపోతుంది. గట్టు బలహీనంగా ఉన్నచోట గండి పడుతుంది. ఒక్కొక్కప్పుడు మనిషి కడుపులోనూ ఇలాంటి గండే పడుతుంది.

జీర్ణాశయం, పేగులు, ప్లీహం నుండి వచ్చే రక్తాన్ని కాలేయ నిర్వాహక సిర కాలేయానికి చేరుస్తుంది. సారాయి వల్లనో, హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్లనో కాలేయం దెబ్బతిని గట్టిపడటాన్ని సిర్రోసిస్ అంటారు. అప్పుడు రక్తం లోపలికి సాఫీగా పోలేదు. సిరలో పీడనం పెరుగుతుంది. రక్తం పక్కదారులు వెతుక్కుంటుంది. జీర్ణాశయం గోడలోని సన్నని సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. అవి చిట్లితే రోగి రక్తం కక్కుకుంటాడు. ప్రాణానికే ముప్పు!

ఆ గండిని పూడ్చటమెలా? నోటిగుండా ఎండోస్కోప్ గొట్టాన్ని పంపి, ఉబ్బిన సిరలోకి సూదితో సయనోఎక్రిలేట్ అనే జిగురు ఎక్కిస్తారు. విరిగిన వస్తువులను క్షణాల్లో అతికించే జిగురుకు ఇది దగ్గరి చుట్టమే. రక్తం తగలగానే గట్టిపడి సిరను మూసివేస్తుంది. జర్మనీలో సోహెంద్రా అనే వైద్యుడు, ఆయన సహచరులు ఈ పద్ధతిని 1986లో ప్రకటించారు.

అయితే సిర పూర్తిగా మూసుకుందా? ఎండోస్కోప్ పైపొరను మాత్రమే చూపుతుంది. అడుగున రక్తం పారుతూనే ఉంటే మళ్ళీ గండి పడవచ్చు. ఇక్కడే అతిధ్వనులు అక్కరకు వస్తాయి.

మన చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. గొట్టం చివర అమర్చిన చిన్న పరికరం సెకనుకు 75 లక్షల కంపనాలు పుట్టించిందనుకోండి. మెత్తని కణజాలంలో ధ్వనివేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. వేగాన్ని పౌనఃపున్యంతో భాగించి చూడండి. తరంగదైర్ఘ్యం సుమారు 0.2 మిల్లీమీటరే! అందుకే గోడ లోపలి సన్నని సిరలు కూడా ప్రతిధ్వనుల ద్వారా తెరమీద కనిపిస్తాయి.

రక్తం కదులుతోందని తెలిసేదెలా? రైలు కూతవేస్తూ దగ్గరకు వచ్చేటప్పుడు కీచుగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది గదా! 1842లో డాప్లర్ వివరించిన ఫలితమిదే. కదిలే రక్తకణాలను తాకి తిరిగివచ్చే ధ్వని పౌనఃపున్యం కూడా అలాగే మారుతుంది. యంత్రం ఆ మార్పును రంగుల్లో చూపుతుంది. జిగురు పెట్టిన సిరలో ఇంకా రంగు కనిపిస్తే ప్రమాదం తొలగలేదన్నమాట. మళ్ళీ జిగురు ఎక్కించాలి.

దీనివల్ల లాభముందా? హాంకాంగ్ వైద్యులు సుమారు వందమంది రోగులను గమనించి 2000లో ఫలితాలు ప్రకటించారు. రక్తస్రావమైనప్పుడు మాత్రమే జిగురు పెట్టినవారిలో, తర్వాతి కాలంలో మళ్ళీ రక్తస్రావమైనవారు నూటికి సుమారు 45 మంది. అతిధ్వనులతో పదేపదే చూస్తూ సిరలన్నీ మూసుకునేదాకా జిగురు పెట్టినవారిలో నూటికి సుమారు 19 మందే!

సున్నా ఎందుకు కాలేదు? ఆలోచించండి. గండి పూడ్చినా, పెద్ద కాలువలో అడ్డం అలాగే ఉంది గదా! కాలేయాన్ని చెడకుండా కాపాడుకోవటమే అసలైన వైద్యం.