ఆరో మనిషిని ఎవరూ అడ్డుకోరు: ఒరెగాన్ ఫుట్‌బాల్ లెక్క



పోయిన పీటీఎంలో మా ఎనిమిదో తరగతి బాబు వాళ్ళ నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడుతూ ఒక మాట అన్నారు. వాళ్ళ పెద్దమ్మాయి అమెరికాలో ఒరెగాన్ యూనివర్సిటీలో చదువుతోందట. "సెప్టెంబర్ వచ్చిందంటే శనివారం ఫోన్ ఎత్తదు మేడమ్, ఫుట్‌బాల్ అంటుంది. ఒకసారి వీడియో కాల్‌లో చూపించింది. ఒకరి మీద ఒకరు పడటం తప్ప నాకేమీ అర్థం కాలేదు." నిజం చెప్పాలంటే నాకూ అప్పటికి అంతే తెలుసు. తర్వాత కూర్చుని పాత మ్యాచ్‌లు చూశాను, చదివాను. నేను చెప్పేది లెక్కల సబ్జెక్ట్ కాబట్టేమో, అందులో నాకు ముందు కనిపించింది కూడికలు, తీసివేతలే.

ముందు నియమాలు రెండు ముక్కల్లో. అటు 11 మంది, ఇటు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు వెళ్తే మళ్ళీ నాలుగు అవకాశాలు వస్తాయి. (గజాలు అనగానే మనకు ప్లాట్లు గుర్తొస్తాయి.) అలా చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. బంతి అందుకుని ఏం చేయాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని పక్కన బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ ఉంటాడు. ముందు వరుసలో అయిదుగురు భారీ మనుషులు. వాళ్ళ పని ఎదుటివాళ్ళను అడ్డుకోవడం.

ఇక్కడే చిక్కు. క్వార్టర్‌బ్యాక్ బంతిని పక్కవాడికి ఇచ్చేశాక అతనికి పని లేదు, నిలబడి చూడటమే. పరుగెత్తేవాడు ఎవరినీ అడ్డుకోలేడు. అంటే అడ్డుకోవడానికి మిగిలింది తొమ్మిది మంది, ఎదురుగా 11 మంది. ఎంత బలమైన జట్టుకైనా ఈ లెక్కలో ఎప్పుడూ ఇద్దరు తక్కువే.

2009 నుంచి 2012 వరకు ఒరెగాన్‌కు హెడ్ కోచ్‌గా ఉన్న చిప్ కెల్లీ ఆట అంతా ఈ లోటును పూడ్చడం చుట్టూనే తిరిగింది. మొదట తన ఆటగాళ్ళలో నలుగురిని 160 అడుగుల వెడల్పున్న మైదానంలో దూరంగా నిలబెట్టేవాడు. వాళ్ళను కాపలా కాయడానికి ఎదుటి జట్టు కూడా పక్కలకు జరగాలి. ఇద్దరిని బాగా వెనక ఉంచి, ముగ్గురిని పక్కలకు పంపితే మధ్యలో మిగిలేది ఆరుగురు. ముందు వరుసలోని అయిదుగురు వాళ్ళలో అయిదుగురిని ఆపుతారు. మరి ఆరోవాడు?

ఆరోవాడిని ఎవరూ ఆపరు. కావాలనే వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, వదలకుండా, కళ్ళు మాత్రం ఆ ఆరోవాడి మీదే ఉంచుతాడు. వాడు రన్నింగ్ బ్యాక్ వైపు ఉరికితే బంతిని వెనక్కి లాక్కుని, వాడు ఖాళీ చేసిన చోట నుంచి తానే పరుగెత్తుతాడు. వాడు కదలకుండా నిలబడితే బంతి ఇచ్చేస్తాడు. ఏది చేసినా వాడిది తప్పే అవుతుంది. ముట్టుకోకుండానే ఒక మనిషిని లెక్కలోంచి తీసేసినట్టు. దీన్ని జోన్ రీడ్ అంటారు. కెల్లీ కనిపెట్టింది కాదు. 1990ల మొదట్లో వెస్ట్ వర్జీనియాలోని గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో రిచ్ రోడ్రిగెజ్ అనే కోచ్ దీన్ని వాడుకలోకి తెచ్చాడని చెబుతారు. ఒకవేళ ఎదుటివాళ్ళు తెలివిగా మధ్యలోకి ఏడోవాడిని తెస్తే, పక్కల్లో ఒకరు తగ్గుతారు. అప్పుడు బంతి అటు విసురుతారు. అందుకే క్వార్టర్‌బ్యాక్ ఆట మొదలయ్యే ముందే ఎదుట మనుషులను లెక్కపెట్టుకుంటాడు.

అందరికీ గుర్తుండిపోయింది మాత్రం వేగం. ఒక ఆటకూ ఇంకో ఆటకూ మధ్య 40 సెకన్ల గడువు ఉంటుంది. మామూలు జట్లు గుండ్రంగా చేరి మాట్లాడుకుంటాయి. ఒరెగాన్ వాళ్ళు ఆ ముచ్చటే పెట్టుకోలేదు. తరచూ 20 సెకన్ల లోపే తర్వాతి ఆట మొదలుపెట్టేవాళ్ళు. ఏం ఆడాలో గీత బయట నుంచి పెద్ద అట్టల మీద బొమ్మలు చూపించి చెప్పేవాళ్ళు, మా ఎల్‌కేజీ ఫ్లాష్ కార్డుల్లాగే! ఇందులో ఒక నియమం మెలిక కూడా ఉంది. దాడి చేసే జట్టు ఆటగాళ్ళను మారిస్తే, ఎదుటి జట్టుకూ మార్చుకునే సమయం రిఫరీ ఇవ్వాలి. మార్చకపోతే ఇవ్వక్కర్లేదు. ఒరెగాన్ మార్చేది కాదు, కాబట్టి ఎదుట అలసిపోయినవాళ్ళు అలాగే నిలబడాలి. 2010లో ఒక మ్యాచ్‌లో కాలిఫోర్నియా ఆటగాడు దెబ్బ తగిలినట్టు నటించి పడిపోయాడు. అలా చేయమన్న అసిస్టెంట్ కోచ్‌ను వాళ్ళ యూనివర్సిటీయే సస్పెండ్ చేసింది.

వేగం ఏం చేస్తుందో చూడాలంటే అదే ఏడాది అక్టోబర్ 2న స్టాన్‌ఫర్డ్‌తో జరిగిన మ్యాచ్ చాలు. ఒరెగాన్ ఒక దశలో 21-3తో వెనకబడింది. సగం ఆట ముగిసేసరికి 31-24. రెండో సగంలో స్టాన్‌ఫర్డ్‌కు ఒక్క పాయింట్ కూడా రాలేదు, ఒరెగాన్‌కు 28 వచ్చాయి. చివరికి 52-31. లామైకల్ జేమ్స్ ఒక్కడే 257 గజాలు పరుగెత్తాడు. ఆ సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 47 పాయింట్లతో దేశంలోనే మొదటి స్థానం వాళ్ళదే.

టీచర్‌గా నన్ను ఆపేసింది వాళ్ళ ప్రాక్టీస్. మైదానంలో పాటలు గట్టిగా మోగుతుండేవి, పరుగు ఆగేది కాదు. తప్పు చేసినా అక్కడ ఆపి క్లాస్ పీకేవాళ్ళు కాదు. తర్వాత గదిలో కూర్చోబెట్టి వీడియో చూపించి చెప్పేవాళ్ళు. ఎత్తులు కూడా తక్కువే, వాటినే మళ్ళీ మళ్ళీ చేసేవాళ్ళు. పిల్లాడు లెక్క చేస్తుండగానే మధ్యలో పెన్సిల్ లాక్కుని దిద్దే అలవాటు నాకూ ఉంది, ఒప్పుకుంటున్నాను.

మరి ఓడలేదా? ఓడారు. 2011 జనవరి 10న జాతీయ ఫైనల్లో ఆబర్న్ చేతిలో 22-19తో, చివరి సెకన్లలో. ఆబర్న్ ముందు వరుసలో నిక్ ఫెయిర్లీ లాంటి వాళ్ళు ఉన్నారు. అలాంటివాడిని ఆపడానికి ఇద్దరు కావాలి. ఒకడికి ఇద్దరు పోతే అయిదుగురికి అయిదుగురు అన్న లెక్కే చెడిపోతుంది. పైగా ఒరెగాన్ అంతకు ముందు ఆడింది డిసెంబర్ 4న. చదువుకోవడానికి ఆబర్న్‌కు నెలకు పైగా దొరికింది. 2012 నవంబర్‌లో స్టాన్‌ఫర్డ్ కూడా వాళ్ళను సొంత మైదానంలోనే 14 పాయింట్లకు ఆపి, అదనపు సమయంలో 17-14తో గెలిచింది. ఆరోవాడు తొందరపడకుండా తన చోట తాను నిలబడి, వెనకనుంచి ఇంకొకడు వేగంగా వచ్చి అందుకుంటే, క్వార్టర్‌బ్యాక్‌కు చదవడానికి ఏమీ దొరకదు.

ఆ నాన్నగారికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. అక్కడ శనివారం సాయంత్రం మ్యాచ్ అంటే మనకు ఆదివారం తెల్లవారుజాము. ఈసారి చూసేటప్పుడు బంతి వెంట పడకండి, ఎవరూ అడ్డుకోకుండా వదిలేసిన ఆ ఒక్కడు ఎటు కదులుతాడో చూడండి అన్నాను. అలారం పెట్టుకుంటానన్నారు.