చట్టం వచ్చేసరికి పిండానికి రూపం వచ్చేస్తుంది

తెనాలి, బాపట్ల, రేపల్లె వీధుల్లో చీకటితోనే చీపురు పట్టేవాళ్లలో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. చలికాలంలో ఆ వేళకి నేలమీది చల్లగాలి పైకి లేవదు. లారీల పొగ, తగలబెట్టిన చెత్త పొగ, చీపురు లేపిన దుమ్ము అన్నీ మనిషి ముక్కు ఎత్తులోనే నిలిచిపోతాయి. ఆ మనిషి కడుపుతో ఉంటే ఆ గాలి ఎంతదాకా పోతుంది?

పొగలోని అతిసన్నని రేణువుల్ని పీఎం 2.5 అంటారు. తలవెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. ముక్కుకు కట్టుకున్న కొంగు వీటిని ఆపలేదు. వీటిలో మరీ చిన్నవి ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి చేరతాయి. 2019లో బెల్జియంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మాయలో బిడ్డవైపు భాగంలో మసి రేణువుల్ని గుర్తించారు. 2022లో అబర్డీన్ శాస్త్రవేత్తలతో కలిసి, ఇంకా పుట్టని పిండాల కాలేయం, ఊపిరితిత్తులు, మెదడులో కూడా చూశారు.

మసి కనబడినంత మాత్రాన అవయవం చెడినట్టు కాదు. కాలుష్యం తల్లి ఒంట్లో వాపు పెంచుతుంది, మాయ రక్తనాళాల్ని దెబ్బతీస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. ఉన్న కాస్త ఆక్సిజన్‌కీ ఇలా గండి పడుతుంది. బరువు తక్కువ బిడ్డలు, నెలలు నిండని కాన్పులు పెరుగుతాయనడానికి ఆధారాలు గట్టివి. గుండె లోపాల సంగతి ఇంకా తేలలేదు. గర్భస్రావాల గురించి 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో ఒక అంచనా వచ్చింది: గాలిలో పీఎం 2.5 ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటడంవల్ల దక్షిణాసియాలో ఏటా సుమారు 3.5 లక్షల గర్భాలు నిలవడంలేదు. ఆ 40 మన దేశం పెట్టుకున్న వార్షిక పరిమితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5.

అసలు చిక్కు రోజుల లెక్కలో ఉంది. పిండం పడిన మూడు వారాలకే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. నాలుగు వారాలకు మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం మూసుకుంటుంది. ఎనిమిది వారాలకు ముఖ్యమైన అవయవాలన్నిటికీ పునాది పడిపోతుంది. నెల తప్పిందని ఆమె గమనించేసరికే ఇందులో రెండు వారాలు గడిచిపోతాయి. మరి 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం ఏం చెప్పింది? గర్భిణి అడిగితే కష్టమైన పని చెప్పకూడదంది. ఎప్పుడు? కాన్పుకు ముందు ఆరు వారాలు, దానికి ముందు ఒక నెల. అంటే ఏడో నెల దాటాక! 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇదే నియమం.

గాలి కొలతల్లోనూ మన ఊళ్లు వెనకే. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో రాష్ట్రం నుంచి 13 నగరాలున్నాయి. గుంటూరు ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లె లేవు.

చెత్త తగలబెట్టడాన్ని 2016 నిబంధనలే నిషేధించాయి. ఊడ్చేముందు నీళ్లు చల్లడం, ఎన్‌95 మాస్కులివ్వడం పెద్ద ఖర్చు కాదు. గర్భం తెలుసుకునే నిశ్చయ్ కిట్ ఆశా కార్యకర్త దగ్గర ఉచితం. అయితే ఆ సంగతి మేస్త్రీ చెవిన వేస్తే కూలి పోతుందన్న భయముంటే ఎవరు చెబుతారు? కడుపుతో ఉన్నానని చెప్పిన రోజునుంచే దుమ్ములేని పని, అదే జీతం అని ఔట్‌సోర్సింగ్ ఒప్పందంలోనే రాయించాలి. యూనియన్లు ఈసారి జీతాల చర్చలకు వెళ్లేటప్పుడు ఈ ఒక్క వాక్యం కూడా కాగితంమీద పెట్టుకుని వెళ్లాలి.