మీకు తెలుసా? ప్రపంచ పరిణామాలు – హజ్, ఉమ్రా ప్యాకేజీలు

విమాన టికెట్టు, వీసా, బస, భోజనం, స్థానిక రవాణా కలిపి ఒకే ధరకు సమకూర్చే ఏర్పాటును ప్యాకేజీ యాత్ర అంటారు. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న రాయచోటి వంటి రాయలసీమ పట్టణాలలో హజ్, ఉమ్రా యాత్రలు దీనికి సుపరిచితమైన రూపాలు.

• హజ్ నిర్ణీత దినాలలో జరిగే యాత్ర కాగా, తక్కిన కాలంలోనూ చేయదగిన మక్కా సందర్శన ఉమ్రా. కోవిడ్ కారణంగా సౌదీ అరేబియా 2020 ఫిబ్రవరి 27న విదేశీ ఉమ్రా యాత్రికుల ప్రవేశాన్ని నిలిపివేసింది. 2020, 2021 సంవత్సరాలలో హజ్ కూడా ఆ దేశంలో నివసించేవారికే పరిమితమైంది.

• 2022లో విదేశీయులకు హజ్‌కు తిరిగి అనుమతి లభించినా, 65 ఏళ్లలోపు వారికే అన్న నిబంధన వల్ల, జీవితమంతా కూడబెట్టి వార్ధక్యంలో బయలుదేరదలచిన ఎందరికో ఎదురుచూపే మిగిలింది. భారతదేశ కోటా, అనగా దేశానికి కేటాయించిన యాత్రికుల సంఖ్య, ఆ ఏడాది 79,237 కాగా 2023లో 1,75,025కు చేరింది.

• సౌదీ రియాల్ విలువ 1986 నుంచి డాలరుకు 3.75గా స్థిరంగా ఉన్నందున, డాలరుతో రూపాయి బలహీనపడినప్పుడల్లా మక్కా, మదీనాలలో బస ఖర్చు మన యాత్రికులకు పెరుగుతుంది.

• 2025 జూన్ 23న ఇరాన్ క్షిపణి దాడి నేపథ్యంలో ఖతార్, కువైట్ తమ గగనతలాలను తాత్కాలికంగా మూసివేయడంతో గల్ఫ్ మీదుగా సాగే విమానాల రాకపోకలు స్తంభించాయి.

ఇటువంటి పరిణామాలు యాత్రాకాంక్షను తుడిచివేయవు, వాయిదా మాత్రమే వేస్తాయి. కనుక ముందస్తు సొమ్ము చెల్లించేముందు, యాత్ర రద్దయితే ఎంత తిరిగి వస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోవడం ప్రతి కుటుంబానికీ అవసరం.