పెద్దల తప్పు, పిల్లల మారువేషం

తెలుగు కుటుంబ హాస్యచిత్రంలో, అంటే కథంతా ఒక ఇంటి గడప చుట్టూ తిరుగుతూ ఆ ఇంటివాళ్ల స్వభావాల నుంచే నవ్వు పుట్టే చిత్రంలో, కథను నడిపించే పాత్ర చాలాసార్లు ఎవరూ ఎదురు చెప్పలేని ఇంటి పెద్దదే. ఆ పెద్ద గయ్యాళి కావచ్చు, పిసినారి కావచ్చు, ప్రేమ పేరుతోనే పిల్లలకు ఊపిరాడనివ్వని తండ్రి కావచ్చు. కన్నవాళ్లను తప్పుపట్టరాదన్న కట్టుబాటు బలంగా ఉన్న సమాజంలో వాళ్ల లోపాన్ని ముఖం మీద చెప్పే దారి లేకపోవడంతో, మన హాస్యం చాలాకాలం మారువేషాన్ని ఆశ్రయించింది. పెద్దను ఒప్పించడం సాధ్యం కానిచోట బోల్తా కొట్టించడమే కథ అయింది.

ఈ పద్ధతికి బలమైన పునాది గురజాడ అప్పారావు 1892లోనే వేశారు. ‘కన్యాశుల్కం’లో అగ్నిహోత్రావధానులు పెద్దకూతురు బుచ్చమ్మ చిన్నవయసులోనే వితంతువై ఇంట్లో తిరుగుతూ ఉండగానే, రెండో పిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టబోతాడు. కన్యాశుల్కమంటే పిల్లనిచ్చినందుకు ఆడపిల్ల తండ్రి పుచ్చుకునే సొమ్ము. భార్య వెంకమ్మ నూతిలో దూకినా ఆయన మనసు మారదు కనుక, బావమరిది కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, ఆ పిల్లవాడినే లుబ్ధావధాన్లకు పెళ్లి చేయిస్తాడు. ప్రేక్షకుడు ఈ దొంగపెళ్లికి పగలబడి నవ్వుతున్నా, బుచ్చమ్మ మాత్రం కళ్లెదుటే ఉంటుంది. తండ్రి చేసిన తప్పుకు ఎవరు ఎంత మూల్యం చెల్లించారో మరచిపోయే వీలును గురజాడ ఇవ్వలేదు.

విజయా సంస్థ 1962లో విడుదల చేసిన ‘గుండమ్మ కథ’ను ఈ కొలమానంతోనే చూడాలి. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, జమున, ఎస్.వి.రంగారావు ఉన్న చిత్రానికి గయ్యాళి సవతి తల్లి పేరు పెట్టడమే ఒక సాహసం. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో, డి.వి.నరసరాజు మాటలతో సూర్యకాంతం ఆ పాత్రను పోషించిన తీరు ఈనాటికీ కొత్తగానే ఉంటుంది. ఎడమచేయి ఆడిస్తూ ఆమె కసురుకుంటే ఇల్లంతా హడలిపోతుంది. అంతలోనే ఎవరైనా నాలుగు తీపి మాటలు చెబితే ఇట్టే నమ్మేస్తుంది. సవతి కూతురు లక్ష్మిని వంటింటికీ పనిపాటలకూ కట్టిపడేసి, సొంత కూతురు సరోజను కాలు కింద పెట్టనివ్వకుండా పెంచిన ఆ తల్లిలో క్రూరత్వం, అమాయకత్వం విడదీయరానంతగా కలిసిపోయి ఉంటాయి. పనివాడు అంజి వేషంలో ఆ ఇంట చేరిన రామారావు, లక్ష్మి పక్కన రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బే దృశ్యంలో చిత్రపు అసలు సంస్కారం కనిపిస్తుంది. జమీందారు కొడుకు చేయి ఆ పొత్రం మీద పడినప్పుడు, ఆ పిల్ల అన్నాళ్లుగా ఒంటరిగా మోసిన బరువెంతో మాటల అవసరం లేకుండానే తెలుస్తుంది.

అయితే ఈ చిత్రంలో తప్పు చేసే పెద్ద గుండమ్మ ఒక్కతే కాదు. రంగారావు పోషించిన జమీందారు రామభద్రయ్య, అంజి, రాజా అనే తన కొడుకులిద్దరి నాటకానికి తానూ తోడవుతాడు. ఆ నాటకంలో భాగంగానే నాగేశ్వరరావు పోషించిన రాజా, సరోజను పెళ్లాడి, తనకు ఏమీ లేదని నమ్మించి, తోటపనిలో పెట్టి ఆమె పొగరు దించుతాడు. ‘గుండమ్మ కథ’ మీద షేక్‌స్పియర్ ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’, అంటే పెంకి భార్యను లొంగదీసే హాస్యనాటకం, ప్రభావం ఉందని చెప్పుకునేది ఈ భాగాన్ని చూసే. సరోజ అహంకారి అన్నది నిజమే, కానీ ఆ అహంకారం ఆమెను పెంచిన తీరు నుంచి వచ్చిందన్నదీ అంతే నిజం. తల్లి చేసిన తప్పుకు కూతురు ఎండలో మొక్కలకు నీళ్లు పోస్తుంటే, అబద్ధంతో పెళ్లి జరిపించిన మామగారి పెద్దరికం మాత్రం చెక్కుచెదరదు. సవతి తల్లిని బంధువు దుర్గమ్మ చేతిలో అవమానాల పాలు చేసి, గదిలో పెట్టి తాళం వేయించి, చివరకు లక్ష్మి చేతనే విడిపించిన ఈ చిత్రం, తండ్రి విషయంలో ఒక్క ప్రశ్నయినా వేయకపోవడం దాని పెద్ద లోపం. ఆడమనిషి తప్పు చేస్తే గయ్యాళితనమనీ, మగవాడు చేస్తే లౌక్యమనీ పేరు పెట్టే అలవాటు ఇంతటి గొప్ప చిత్రాన్నీ వదల్లేదు.

జంధ్యాల 1987లో తీసిన ‘అహ నా పెళ్ళంట!’లో వంతు తండ్రికి వచ్చింది. ఆదివిష్ణు నవల ‘సత్యంగారిల్లు’ ఆధారంగా వచ్చిన ఈ చిత్రంలో కోట శ్రీనివాసరావు పిసినారి లక్ష్మీపతి. ఇంటి దూలానికి కోడిని వేలాడదీసి, దానిని చూస్తూ ఉత్త అన్నాన్ని కోడికూరతో తిన్నట్టు లొట్టలు వేస్తూ తినే దృశ్యంలో ఆయన కళ్లలోని తృప్తి నిజమైనది, నటనలోని ఘనత అక్కడే ఉంది. కూతురిని ప్రేమించిన సంపన్నుల కుర్రవాడు, రాజేంద్రప్రసాద్, మామను మించిన పిసినారిగా వేషం కడితే తప్ప ఆ ఇంట్లో కాలు పెట్టలేడు. కానీ ఆ ఇంట్లో కడుపు కాల్చుకుని పెరిగిన పిల్ల గురించి జంధ్యాల దాదాపు ఆలోచించలేదు. నవ్వులో ‘గుండమ్మ కథ’ను మించిన చిత్రం, బుచ్చమ్మలాంటి మనిషిని చూపించడంలో వెనకబడింది.

భాస్కర్ దర్శకత్వంలో 2006లో వచ్చిన ‘బొమ్మరిల్లు’లో ఈ వేషాల సంప్రదాయం తెగిపోయింది. సముద్రపు ఒడ్డున తప్పటడుగులు వేసే పసివాడిని తండ్రి పట్టుకునే దృశ్యంతో మొదలై, ఇరవై నాలుగేళ్లు వచ్చినా ఆ చేయి వదలకపోతే ఎలా అని అడిగే ఈ చిత్రంలో, ప్రకాష్ రాజ్ పోషించిన అరవింద్‌లో పిసినారితనమూ లేదు, క్రూరత్వమూ లేదు. కొడుకు తొడుక్కునే చొక్కా దగ్గర నుంచి అన్నీ తానే నిర్ణయించే శ్రద్ధ మాత్రం ఉంది. నచ్చని పాత్రల్లో రాయడానికి అత్యంత కష్టమైనది ఇదే, ఎందుకంటే ప్రేక్షకుడు ఆ తండ్రిని ద్వేషించలేడు, భరించనూ లేడు. ఇక్కడా మొదట వేషమే ప్రయత్నిస్తారు: కొడుకు సిద్ధు ప్రేమించిన హాసిని వారం రోజులు ఆ ఇంట్లో ఉండి, అక్కడివాళ్లు మెచ్చే అమ్మాయిలా మెలగాలి. తనలా తాను ఉండలేని ఇంట్లో ఉండలేనని ఆమె వెళ్లిపోయాక, సిద్ధు తండ్రి ఎదుట నిలబడి, ఏళ్ల తరబడి తనకు దక్కని చిన్న చిన్న ఇష్టాలన్నీ ఏకరువు పెడతాడు. కరటకశాస్త్రి, అంజి మారువేషాలతో సాధించిన పనిని ఈ కుర్రవాడు ఏడుస్తూ, తన మాటలతోనే చేశాడు; తెలుగు కుటుంబ హాస్యచిత్రం ఇంతకంటే ధైర్యం చేసిన సందర్భాలు తక్కువ.

ఈ చిత్రాన్ని 2008లో తమిళంలో తీసినప్పుడు తండ్రి పాత్రను మళ్లీ ప్రకాష్ రాజే పోషించారు. ఆ తమిళ చిత్రం పేరు ‘సంతోష్ సుబ్రమణ్యం’: మొదటిది కొడుకు పేరు, రెండోది తండ్రిది.