ఏ గింజ నూనె ఇంజనుకు మంచిది?

చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది. నువ్వుల నూనె గడ్డకట్టదు. ఎందుకు? ఇది తెలిస్తే ఏ నూనెతో మంచి బయోడీజిల్ అవుతుందో కూడా తెలుస్తుంది.

నూనె అణువులో ఒక గ్లిజరిన్‌ను మూడు కొవ్వు ఆమ్లాలు పట్టుకొని ఉంటాయి. అందుకే నూనె చిక్కగా ఉంటుంది. అట్లనే ఇంజన్లో పోస్తే సన్నగా చిమ్మదు, మసి కడుతుంది. మిథైల్ ఆల్కహాల్, కాస్టిక్ సోడా కలిపి వేడి చేస్తే గ్లిజరిన్ విడిపోయి అడుగుకు దిగుతుంది. పైన తేలేదే బయోడీజిల్. (మిథైల్ ఆల్కహాల్ విషం. ఎవ్వరూ చేసి చూడొద్దు!) గ్లిజరిన్ పోయినా కొవ్వు ఆమ్లాలు అవే ఉంటాయి. కాబట్టి గింజ గుణమే బయోడీజిల్‌కు వస్తుంది.

కొవ్వు ఆమ్లాలు ముఖ్యంగా రెండు రకాలు.

1. సంతృప్త ఆమ్లాలు: ఇవి నిటారు కట్టెల వంటివి. మోపులో కట్టెల లాగా దగ్గరగా చేరి చలికి తొందరగా గడ్డకడతాయి. కానీ ఇంజన్లో తొందరగా అంటుకుంటాయి. నిలువ ఉంచినా తొందరగా చెడిపోవు.

2. అసంతృప్త ఆమ్లాలు: వీటికి ద్విబంధం దగ్గర వంపు ఉంటుంది. వంకర కట్టెలు మోపులో సరిగా కూర్చోవు కదా! అందుకే ఇవి చలికి తట్టుకుంటాయి. కానీ ద్విబంధాలు ఎక్కువైతే గాలి తగిలి పాడవుతాయి. అవిసె నూనె పూస్తే ఎండి పొర కడుతుంది. రంగులకు అది మంచిదే, ఇంజనుకు మాత్రం జిగురు పడుతుంది.

ఇక మన అడవి గింజలు చూద్దాం. ఇప్ప నూనెలో సంతృప్త ఆమ్లాలు నూటికి 40 పైనే. మా అవ్వ చలికాలంలో ఇప్ప నూనె కుండను పొయ్యి దగ్గర పెట్టి కరిగిస్తది. ఆదిలాబాద్ వైపు కొన్ని రాత్రులు చలి 5 డిగ్రీలకు దిగుతుంది. అప్పుడు ఇప్ప బయోడీజిల్ పైపులోనే గడ్డకట్టవచ్చు. కానుగలో సంతృప్త ఆమ్లాలు సుమారు 20 మాత్రమే. సుమారు సగం ఒకే ద్విబంధం ఉన్న ఓలియిక్ ఆమ్లం. అందుకే చలికి కొంత ఆగుతుంది, అవిసె లాగా జిగురు కట్టదు.

ఇంకో సంగతి. ఏ గింజలైనా తడిగా నిలువ చేస్తే నూనెలో విడి ఆమ్లం పెరుగుతుంది. దాంట్లో సోడా పోస్తే సబ్బు అవుతుంది! అందుకే గింజలు బాగా ఎండబెట్టాలి.

పవర్‌గూడ అనే ఊరు జైనూర్ మండలంలో ఉంది. డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్క కట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ ఊరి మహిళా సంఘాలకు 645 డాలర్లు ఇచ్చింది. గింజలు ఏరే చేతులకు అట్లా విలువ వచ్చింది.

ఇప్ప నూనె మనం తింటాం. కానుగ నూనె చేదు, ఎవరూ తినరు. ఇంజను కోసం మన కూర కుండ ఖాళీ కావద్దు. ఇప్ప నూనె ఇంటికి, కానుగ నూనె ఇంజనుకు. ఇదీ నా మాట. మీరేమంటారు?

— 9వ తరగతి విద్యార్థిని